తెల్లదారం వరుస

మైత్రీవనం ముందు కరెంటు స్తంభానికి అంటించిన కాగితాల్లో చేత్తో రాసింది అదొక్కటే. మిగిలినవన్నీ అచ్చు కాగితాలు. జావా, డాట్ నెట్, నలభై ఐదు రోజుల్లో ఉద్యోగం, ఆడపిల్లల హాస్టల్, ఇంటి భోజనం. వాటి మధ్య ఒక మూల చిరిగిన కాగితం మీద నీలం సిరాతో ఇలా ఉంది: "మైక్రోస్కోపులో చూసి లెక్కపెట్టగల ఓపిక ఉన్నవారు కావలెను. తొందర ఉన్నవారు రావద్దు." కింద పంజాగుట్ట చిరునామా, ఉర్దూలో ఒక సంతకం.

అది 2007 డిసెంబరు. నేను అమీర్‌పేటకు వచ్చి ఎనిమిది నెలలైంది. సంగారెడ్డిలో మైక్రోబయాలజీతో డిగ్రీ చదివి, అందరిలాగే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోవడానికి వచ్చాను. కోర్సు అయింది. నాలుగు ఇంటర్వ్యూలు అయ్యాయి. ప్రతి చోటా "మీ గురించి చెప్పండి" అనేవాళ్లు. పేరు వజ్రమ్మ, మా నాయనమ్మ పేరు అని చెప్పేదాన్ని. తర్వాత ఏం చెప్పాలో తోచేది కాదు. ఊళ్లో జిల్లా పరిషత్ బడిలో వానొస్తే పాఠం ఆగిపోయేది. అప్పుడు కిటికీ పక్కన కూర్చుని రేకుల చూరు నుంచి పడే చుక్కలు లెక్కపెట్టేదాన్ని. అలాంటివి ఇంటర్వ్యూలో చెప్పరు కదా.

ఆ చిరునామా పంజాగుట్ట చౌరస్తా నుంచి ఎర్రమంజిల్ వైపు పోయే ఒక గల్లీలో ఉంది. తలుపు తీసిన పెద్దాయన కళ్లద్దాలు సీసా అడుగులంత మందంగా ఉన్నాయి. పేరు అజ్మత్ అలీ. ప్రభుత్వ పరిశోధనశాలలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యారు. నన్నేమీ అడగలేదు. డాబా మీది చిన్న గదిలోకి తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు.

"చూడు బేటా. పచ్చగా, గుండ్రంగా ఉన్నయి. గళ్లలో ఎన్ని ఉన్నయో చెప్పు. తొందర లేదు."

పావుగంట లెక్కపెట్టాను. మళ్లీ ఒకసారి మొదటి నుంచి లెక్కపెట్టాను.

"నూట పన్నెండు సార్. ఇంకొకటి గీత మీద ఉంది. దాన్ని కలపాలో వద్దో తెలియదు."

ఆయన గట్టిగా నవ్వారు. "వచ్చినోళ్లందరూ అంకె చెప్పి పోయిండ్రు. గీత మీదున్నదాని గురించి ఎవరూ అడగలే. రేపటి నుంచి రా."

ఆయన కళ్లు మెల్లగా పోతున్నాయని తర్వాత తెలిసింది. మనుషులను గుర్తుపట్టగలరు, మెట్లు దిగగలరు. మైక్రోస్కోపులో మాత్రం పొగమంచు తప్ప ఏమీ కనపడదు. అంటే నేను ఏ అంకె చెబితే అదే అంకె. సరిచూసేవాళ్లు ఎవరూ లేరు.

డాబా మీద ఇరవై పెద్ద గాజు సీసాలు ఎండకు వరుసగా ఉండేవి. చేపల తొట్టెల్లో పెట్టే చిన్న పంపులు వాటిలో బుడగలు వదులుతుండేవి. లోపల లేత ఆకుపచ్చ నీళ్లు. ఆ పచ్చదనమంతా నాచు. బావిగట్టు మీద కాలు జారే నాచుకు చుట్టమే గానీ, విడిగా చూస్తే కంటికి కనపడదు. పుస్తకాల్లో దాని పేరు క్లోరెల్లా. సార్ దాన్ని నాలుగేళ్లుగా పెంచుతున్నారు. ఆ నీళ్లు మొక్కల మొదట్లో పోస్తే పైరు బలంగా వస్తుందని ఆయన నమ్మకం.

"ఎరువా సార్ ఇది?" అని అడిగాను మొదటి వారం.

"కాదు బేటా. మనం మొక్కకి తిండి పెడ్తలేం. వేళ్ల చుట్టూ మట్టిలో కోట్ల మంది ఉంటరు, కంటికి కనపడనోళ్లు. ఈ నాచు చక్కెరలు వదుల్తది, ఇంకేమేమో వదుల్తది. వాళ్లకి అది దావత్. దావత్ తిన్నోళ్లు ఊకె కూర్చోరు, మట్టిలో ఉన్నదంతా విప్పి మొక్కకి అందిస్తరు. మనం మొక్కని పిలుస్తలేం. దాని బస్తీవాళ్లని పిలుస్తున్నం."

అంతలో బేగంపేటలో దిగబోయే విమానం మా నెత్తి మీద నుంచి పోయింది. సీసాల్లో నీళ్లు వణికాయి. విమానం పోయేదాకా సార్ మాట ఆపి, అది పోయాక మళ్లీ అక్కడి నుంచే అందుకునేవారు. ఆ డాబా మీద మాటలన్నీ అలాగే సాగేవి.

"దావత్ పైన, చాయ్ కింద! చల్లారిపోతున్నది, దిగుతరా లేదా?" అని మెట్ల కింద నుంచి అమ్మీ కేకేశారు.

అమ్మీ అంటే సార్ భార్య ఇక్బాల్ బేగం. గల్లీలో అందరూ అమ్మీ అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె మూడేళ్లుగా డాబా ఎక్కలేదు. కానీ మెట్ల కింద పీట వేసుకుని, పైన జరిగేదంతా వింటూ, పైకి జవాబులు చెబుతూ ఉండేవారు. ఆ ఇంట్లో ఏది వండినా ముందు ఒక గిన్నె పక్కింటికి, ఒక గిన్నె ఎదురింటికి పోవాల్సిందే. దాన్ని హిస్సా అంటారు. చుట్టుపక్కల ఇళ్లకు వాటా పోకుండా ఆమె ముద్ద ఎత్తడం నేను చూడలేదు. నేను మొదటి రోజు తినకుండా పోబోతే గేటు దగ్గర కొంగు పట్టి ఆపారు.

"మా ఇంట్ల ఒకరు తింటుంటే ఇంకొకరు చూసుకుంట పోరు బేటీ. కూర్చో."

అమ్మీకి ఆ సీసాలంటే పడదు. అప్పటికే మా గల్లీలో సగం డాబాల మీద రేకుల షెడ్లు లేచాయి. కోర్సులకు వచ్చే పిల్లలకు మంచాలు చాలడం లేదు. ఒక హాస్టలాయన టేపు పట్టుకుని వచ్చి మా డాబా కొలుచుకుని పోయాడు. పద్నాలుగు మంచాలు పడతాయన్నాడు. సార్ అమ్మీకి ఒక మాట ఇచ్చారు. ఫిబ్రవరి ఆఖరు శనివారం హనుమత్ప్రసాద్ గారని ఒక విత్తనాల కంపెనీ ఆయన వస్తారు. పచ్చనీళ్లు పోసిన మొక్కలకూ, పోయని మొక్కలకూ తేడా కనబడితే వాళ్ల పొలంలో వేసి చూస్తారు. తేడా లేకపోతే సీసాలన్నీ కడిగేసి డాబా హాస్టలాయనకు ఇచ్చేయాలి.

నా కొలువు కూడా ఆ సీసాలతోటే పోతుంది. అయినా నేను ఎక్కువగా ఆలోచించింది దాని గురించి కాదు. సార్ పొద్దున్నే పైకి వచ్చి ఒక్కొక్క సీసా మీద అరచేయి పెట్టి, వెచ్చదనం చూసి, పేరు తెలిసిన పిల్లల్ని పలకరించినట్టు "ఎట్లున్నవ్" అనేవారు. ఆ సీసాలు కడిగేశాక ఆయన పొద్దున్నే ఎక్కడికి పోతారా అని ఆలోచించేదాన్ని.

జనవరి మూడో వారంలో నలభై కుండీల్లో టమాటా నారు పెట్టాం. మట్టి అంతా ఒకే చోటు నుంచి తెచ్చిన ఎర్రమట్టి, పెద్ద సారం లేనిది. ఇరవై కుండీలకు పచ్చదారం కట్టాం, వాటికి వారానికి రెండుసార్లు నాచు నీళ్లు. ఇరవైకి తెల్లదారం కట్టాం, వాటికి నల్లా నీళ్లు. పనిమనిషి చిలకమ్మ బల్కంపేట నుంచి వచ్చేది. డాబా ఊడ్చే పని ఆమెదే. దారాలు కడుతుంటే చీపురు పట్టుకుని నిలబడి చూసింది.

"గీ తెల్లదారపోల్లు ఏం పాపం జేసిండ్రు సార్, ఒట్టి నీళ్లు దాగి బతకాలె?"

"పాపం కాదు చిలకమ్మా. పోల్చి చూడాలె కదా."

"ఏం పోల్చుడో ఏమో," అని గొణుక్కుంటూ ఊడ్చుకుంటూ పోయింది.

నా పని రెండు రకాలు. మొక్కల ఎత్తు కొలవడం ఒకటి. ప్రతి బుధవారం, శనివారం వేళ్ల దగ్గరి మట్టి ఒక గ్రాము తీసి, మరిగించి చల్లార్చిన నీళ్లలో కలిపి, పదింతలు, వందింతలు, అలా లక్షింతల దాకా పలచన చేసి, జెల్లీ పోసిన గాజు పళ్లేల్లో పరచడం రెండోది. రెండు రోజుల్లో మట్టిలోని బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా పైకి వస్తుంది. ఒక్కో చుక్క ఒక్కో కుటుంబం అనేవారు సార్. పచ్చదారం పళ్లేల్లో చుక్కలు రకరకాలుగా ఉండేవి. పసుపువి, నారింజవి, కొన్ని సున్నం చల్లినట్టు పొడిగా. ఆ పొడి చుక్కలున్న పళ్లెం మూత దగ్గర ముక్కు పెడితే తొలివాన పడ్డ మట్టి వాసన.

మూడో వారం నుంచి తెల్లదారం వరుస నన్ను ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టింది. ఆ మొక్కలు ఆకలితో ఉన్నట్టు లేవు. ఆకులు ముదురు పచ్చగా, కాడలు లావుగా ఉన్నాయి. ఎత్తు కొలిస్తే రెండు వరుసలూ దాదాపు ఒకటే. పళ్లేలు ఇంకా వింతగా ఉన్నాయి. తెల్లదారం వాటిలో జిగటగా, తెల్లగా, ఒకదాని మీద ఒకటి ఎక్కిన చుక్కలు. శనివారం పళ్లెంలో రెండు వందల పది ఉన్నాయి. పచ్చదారం పళ్లెంలో నూట ముప్పై.

"ఎన్ని బేటా?" అని అడిగారు సార్, వేలితో బల్ల అంచు తడుముకుంటూ.

"ఇంకా లెక్క పూర్తి కాలేదు సార్."

ఆయనతో నేను చెప్పిన మొదటి అబద్ధం అది. పుస్తకంలో అంకె పెన్సిలుతో ఉంది. రెండు వందల పదిలో ఆ రెండును తుడిచేసి ఒకటి రాస్తే నూట పది. నా చేతిలో రబ్బరు ఉంది. అంకె ఎవరూ చూడరు. సార్ సీసాలు నిలుస్తాయి. ఆ సాయంత్రం అమీర్‌పేట దాకా నడుస్తూ, రోడ్డు పక్కన మిర్చిబజ్జీల బండి దగ్గర నిలబడి కూడా, నేను ఆ రెండు గురించే ఆలోచించాను. నాలుగు ఇంటర్వ్యూల్లో నా గురించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇక్కడ మాత్రం ఒకటి ఉంది. నేను చెప్పిన అంకెను ఒక మనిషి కళ్లు మూసుకుని నమ్ముతున్నాడు.

మరునాడు వెళ్లి చెప్పాను. "తెల్లదారానికే ఎక్కువ సార్. రెండు వందల పది. ఎత్తులో తేడా లేదు. నిన్ననే తెలుసు. చెప్పలేదు."

ఆయన చేత్తో తడిమి పుస్తకం దగ్గరికి లాక్కున్నారు.

"పెన్నుతో రాసినవా?"

"పెన్సిలుతో సార్."

"పెన్నుతో రాయి," అన్నారు మెల్లగా. "హనుమత్ప్రసాద్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్తా. నాలుగేళ్లు. పోనీ, మంచిగనే గడిచినయి."

"ఒక్క వారం ఆగండి సార్," అన్నాను.

"ఎందుకు?"

"పిల్లి."

ఆ గల్లీలో ఒక బూడిదరంగు పిల్లి ఉంది. అది డాబా మీదికి వచ్చినప్పుడల్లా తెల్లదారం కుండీల మధ్యే తిరిగేది. మట్టి వాసన చూసేది, ఒక్కోసారి నాకేది. పచ్చదారం వైపు తల కూడా తిప్పేది కాదు. వచ్చేది శుక్రవారం సాయంత్రం, శనివారం మాత్రమే. పిల్లికి వారాలు తెలియవు కదా. పైగా ఆ పొద్దున మూలనున్న కుండీలో మట్టి మీద నాకొక బియ్యపు నూక దొరికింది. దాని చుట్టూ చీమలు.

శుక్రవారం సార్ నమాజుకు వెళ్తారు కాబట్టి నేను మధ్యాహ్నం తర్వాతే వచ్చేదాన్ని. ఈసారి పదకొండుకే వచ్చి, చడీచప్పుడు లేకుండా పైకెక్కి నీళ్ల ట్యాంకు వెనక నీడలో కూర్చున్నాను. దాక్కున్నందుకు సిగ్గుగానే ఉంది.

కాసేపటికి చిలకమ్మ వచ్చింది. ఒక చేతిలో పెద్ద స్టీలు గిన్నె, ఇంకో చేతిలో చెంబు. గిన్నెలో లేత ఎరుపు నీళ్లు. తెల్లదారం వరుస ముందు కూర్చుని ఒక్కో కుండీకి కొంచెం కొంచెం పోయడం మొదలుపెట్టింది.

"తాగుండ్రి బిడ్డా, తాగుండ్రి. గా పక్కోల్లు దావత్ దింటుంటె మీరు నోరెల్లబెట్టుకొని సూసుడేనా? మస్తు మాంసం కడిగిన నీళ్లు, బేగమ్మ పంపింది."

మెట్ల కింద నుంచి అమ్మీ గొంతు వినిపించింది. "చిలకమ్మా! అందరికీ వచ్చిందా? మూలల ఉన్నదానికి సుత పొయ్యి! మొన్న అది సన్నగ ఉందన్నవ్!"

"పోస్తున్న బేగమ్మా! గిది నీకంటె లావైంది ఇప్పుడు!"

"నా లావు సంగతి నీకెందుకు, నీళ్ల సంగతి చూడు!"

నేను లేచి నిలబడ్డాను. చిలకమ్మ నన్ను చూసి చెంబు జారవిడిచింది. అందులోంచి బియ్యం కడిగిన తెల్లటి నీళ్లు డాబా అంతా పారాయి.

"సార్‌కు చెప్పకు బిడ్డా," అంది. "పాపమనిపించింది."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. గదిలోకి వెళ్లి రెండు పళ్లేలు తీసుకుని కిందికి దిగాను. అమ్మీ వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు తరుగుతున్నారు. నన్ను చూసి కత్తి ఆపారు. కిటికీ వెలుతురులో పళ్లేలు పక్కపక్కనే పెట్టాను.

"మూత తీయకండి అమ్మీ. ఇది పచ్చదారం. ఇది తెల్లదారం. ఈ తెల్లటివన్నీ మీరు పంపిన నీళ్లు తాగి పెరిగినవి."

ఆమె చేతులు తుడుచుకుని, అద్దాలు పెట్టుకుని, వంగి చాలాసేపు చూశారు.

"బతికే ఉన్నయా ఇవి?"

"బతికే ఉన్నాయి."

"ఇన్నేళ్లు వీటితోనే ఉన్నరా ఈయన, పైన? నాకు ఒక్కసారి సుత చూపియ్యలేదు."

"మీరు అడిగారా?"

"కుర్మాలో ఏం వేస్తనో ఆయన అడిగిండ్రా?" అన్నారు. చూపు మాత్రం పళ్లెం మీది నుంచి తీయలేదు. "ఈ నారింజది మంచిగుంది. కుంకుమపువ్వు పడ్డట్టు." తర్వాత తెల్లదారం పళ్లెం వైపు వేలు చూపించారు. "ఇవి ఎక్కువున్నయి. మంచిదే కదా? గోష్ కడిగిన పానీ గులాబీకి పోస్తే పూలు ఇంతింత వస్తయి. మా అమ్మీ పోసేది."

"మంచిదే అమ్మీ. కానీ ఆ వరుసకు ఒట్టి నీళ్లే పోస్తున్నామని సార్ అనుకుంటున్నారు. రెండు వరుసలూ ఒక్కలాగే పెరిగాయి కాబట్టి నాచు వల్ల లాభం లేదని అర్థమవుతుంది. కంపెనీ ఆయన్ని రావద్దని చెప్పేస్తానన్నారు."

అమ్మీ పీట మీద కూర్చున్నారు.

"నా వల్ల ఓడిపోయిండ్రా ఆయన?"

నేను పళ్లేలు మెల్లగా వెనక్కి తీసుకున్నాను.

"నువ్వు చెప్పకు బేటీ. నేనే చెప్తా. నలభై ఏళ్లయింది, నా తప్పులు నా నోటితోనే వినాలె ఆయన."

నమాజు నుంచి సార్ వచ్చాక భోజనానికి దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. అందరం కూర్చున్నాం. చిలకమ్మ మాత్రం గడప దగ్గరే నిలబడింది. అమ్మీ రొట్టె తుంచకుండా అంతా చెప్పేశారు, ఒక్క ఊపిరిలో. సార్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎన్ని రోజుల నుంచి?"

"నాలుగు జుమాలు. గోష్ వండే ప్రతి శుక్రవారం."

"బియ్యం నీళ్లు నేను సార్," అంది చిలకమ్మ గడప దగ్గర నుంచి. "అవి దినాం పోసిన."

"దినాం?" సార్ కళ్లద్దాలు తీసి కుర్తాతో తుడుచుకున్నారు. "ఎందుకు ఇక్బాల్? ఒక్క మాట అడగచ్చు కదా."

"మీరే కదా దావత్ అన్నది! మెట్ల కింద కూర్చుని నేను వినలేదా? ఒక వరుసకి దావత్, పక్క వరుసకి నల్లా నీళ్లు. అది సుత ఏం దావత్? నాచు ఒక్కటే ఇస్తున్నరా మీరు? సీసాల్లో ఆ తెల్లపొడి, ఆ నీలంపొడి కలుపుతరు, నాచు బతకాలని. ఆ నీళ్లు, ఆ పొడులు, అన్నీ పచ్చదారపోళ్లకే పోతయి. వీళ్లకి ఏం లేదు. ఒక ఇంట్ల రెండు దస్తర్‌ఖాన్లు ఎక్కడన్నా ఉంటయా?"

సార్ ముద్ద పళ్లెంలో పెట్టేశారు.

"ఇక్బాల్. ఆ పొడుల సంగతి మళ్లీ చెప్పు."

"కోపం చేయకండి."

"కోపం కాదు. చెప్పు."

ఆమె మళ్లీ చెప్పారు, ఈసారి మెల్లగా. సార్ నా వైపు తిరిగారు. ఆయన గొంతులో ఏదో మారింది.

"విన్నవా బేటా? సీసాలో ఉన్న ఎరువు లవణాలు నాచు అంతా తినదు. మిగిలినవి మొక్కకే పోతయి. అంటే పచ్చదారం గెలిచినా సరే, అది నాచు గెలుపో, లవణాల గెలుపో నేను చెప్పలేను. హనుమత్ప్రసాద్ మొదట అడిగే సవాల్ అదే. నా దగ్గర జవాబ్ లేదు. ముప్పై ఏళ్లు పోరగాళ్లకి ఇదే తప్పు దిద్దిన. నా డాబా మీద నాకే కనపడలే." ఆయన అమ్మీ వైపు చూశారు. "కళ్ల వల్ల కాదు ఇది. ఆ సీసాల మీద ముహబ్బత్ ఎక్కువైంది."

"ముహబ్బత్ నా మీద ఉంటే కుర్మా చల్లారకముందే తినండి," అన్నారు అమ్మీ. ఆమె కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే సార్ ఫోన్ చేసి ఏదీ దాచకుండా చెప్పారు, మాంసం నీళ్లతో సహా. అవతలి నవ్వు నాకు కూడా వినపడింది. ఏప్రిల్ రెండో శనివారం వస్తానన్నారు ఆయన. అది దాటితే ఈ ఏడాదికి తనకు తీరదట. హాస్టలాయన వస్తే అమ్మీయే గేటు దగ్గర నిలబడి, "డాబా ఖాళీ లేదు. నా పిల్లలున్నరు పైన," అని పంపించేశారు.

మార్చి ఒకటిన కొత్త నారు పెట్టాం, ముప్పై ఆరు కుండీలు, మూడు వరుసలు. పచ్చదారానికి బతికున్న నాచు నీళ్లు. పసుపుదారానికి అవే నీళ్లు, అమ్మీ పాత కుక్కర్లో ఉడికించి చల్లార్చినవి. తెల్లదారానికి నాచు లేకుండా లవణాలు కలిపిన నీళ్లు.

"ఉడికిస్తే గది సచ్చిపోదా సార్?" అంది చిలకమ్మ.

"చచ్చిపోతది. బతికున్నదాని పని ఎంతో అట్లనే తెలుస్తది."

"అందరికీ ఏదో ఒకటి ముడుతుంది కదా?" అని కింద నుంచి అమ్మీ అడిగారు.

"ముడుతుంది అమ్మీ," అన్నాను.

"అయితే సరే."

ప్రతి శుక్రవారం ఆమె గిన్నె పట్టుకుని మెట్ల దాకా వచ్చి, ఒకసారి పైకి చూసి, వెనక్కి తిరిగేవారు. "గులాబీకే పోస్తున్నా! రాసుకో నీ పుస్తకంల!" అని అరిచేవారు. పళ్లేలు పండిన రోజు మాత్రం నేను కిందికి తెచ్చి చూపించాల్సిందే. నారింజ చుక్కలు ఎన్నో ఆమెకు కూడా లెక్క తెలిసింది.

ఆ మార్చిలోనే విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు వెళ్లిపోయింది. ఆకాశం ఖాళీ అయింది. అయినా సార్ మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగేవారు, పాత అలవాటు. నేనూ ఆగేదాన్ని. రాని విమానం పోయేదాకా ఇద్దరం ఊరుకుని, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

ఏప్రిల్ ఎండ మండిపోయింది. నీడవల కట్టాం. నలభయ్యో రోజు ప్రతి వరుసలో ఆరేసి మొక్కలు పీకి, వేళ్లు కడిగి, ఆరబెట్టి తూచాను. చెప్పినట్టే రెండో శనివారం హనుమత్ప్రసాద్ గారు వచ్చారు. కోస్తా మనిషి, చెమట తుడుచుకోవడానికి రెండు చేతిరుమాళ్లు తెచ్చుకున్నారు.

"ఏంటండీ అజ్మత్ గారూ, ఎండ కాదు ఇది, పెనం. సరే, దేంతో పోల్చారు? మామూలు నీళ్లా?"

"కాదు సాబ్. లవణాల నీళ్లు ఒకటి, ఉడికించిన నాచు ఒకటి."

ఆయన రుమాలు ఆగింది. "చాలామంది ఇది చేయరండీ. ఎవరి ఆలోచన?"

"కింద వంటింట్లో ఉంది," అన్నారు సార్.

నేను అంకెలు చదివాను. బతికున్న నాచు తాగిన మొక్కల వేళ్లు, లవణాల వరుస కంటే నాలుగో వంతు ఎక్కువ బరువు. ఉడికించింది రెండింటికీ మధ్యన. మట్టి వాసన వచ్చే పొడి చుక్కలు లవణాల పళ్లెంలో ముప్పై, ఉడికించిన దాంట్లో యాభై ఒకటి, బతికున్న దాంట్లో ఎనభై నాలుగు. బరువులో అది గొప్ప తేడా కాదు. అయినా తేడానే.

"ఈ లెక్కలు ఎవరు కట్టారు?"

"నా కళ్లు," అన్నారు సార్ నన్ను చూపించి.

హనుమత్ప్రసాద్ గారు ఆ ఆఖరి పళ్లెం అడిగి తీసుకుని, పెన్నుతో గాజు మీద చుక్కలు పెట్టుకుంటూ తనే లెక్కపెట్టారు. పొడి చుక్కలను మాత్రమే విడిగా ఏరుకుంటూ, చాలా నిదానంగా. సార్ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు.

"ఎనభై మూడే ఉన్నాయమ్మా."

నేను లెక్కపెట్టింది నాకు తెలుసు.

"అంచున ఒకటి ఉంది సార్. గాజు గోడకు ఆనుకుని. కొంచెం వంచి చూడండి."

ఆయన వంచి చూశారు. వెలుతురు వైపు తిప్పి మళ్లీ చూశారు.

"అవును. ఉంది." పళ్లెం కింద పెట్టారు. "శామీర్‌పేట వైపు మాకో తోట ఉందండీ. ఈ వానాకాలం అరెకరం ఇస్తాను. అక్కడ కూడా మూడు వరుసలూ ఉండాలి. ఈ అమ్మాయే లెక్కపెట్టాలి."

సార్ తిరిగి, దగ్గరున్న సీసా మీద అరచేయి పెట్టారు.

అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒక్కో మెట్టుకూ ఒక ఆయాసం, ఒక "యా అల్లా". చిలకమ్మ భుజం పట్టుకుని అమ్మీ పైకి వచ్చారు. మూడేళ్ల తర్వాత. చిలకమ్మ చేతిలో స్టీలు గిన్నె, అందులో లేత ఎరుపు నీళ్లు. అమ్మీ నీడవల కింద నిలబడి మిగిలిన మొక్కలన్నీ చూశారు, దారాలు చూశారు, సీసాలు చూశారు.

"అయిపోయిందా పరీక్ష?"

"అయిపోయింది ఇక్బాల్," అన్నారు సార్.

"అయితే ఇప్పుడు పొయ్యచ్చా?"

సార్ నా వైపు తిరిగారు. పుస్తకం తెరిచి, పెన్నుతో రాసిన ఆఖరి వరుస కింద ఒక గీత గీసి మూసేశాను.

"పోయండి అమ్మీ."

ఆమె చిలకమ్మ చేతిలోంచి గిన్నె అందుకుని, మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, మూలనున్న కుండీ నుంచి మొదలుపెట్టారు. పిట్టగోడ మీదికి బూడిదరంగు పిల్లి వచ్చి కూర్చుంది.